పాత రేడియో పెట్టెకు మళ్లీ పాలిష్ ఎలా వేయాలి

ఎర్రగడ్డ ఆదివారం సంతలో బేరమాడి కొన్నదైనా, తాతగారి అటక మీంచి దించినదైనా, చెక్క పెట్టె ఉన్న పాత వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్ల బదులు గాజు బుడ్లతో నడిచేది) ఇంట్లోకి రాగానే నలుగురూ ఇచ్చే సలహా ఒకటే: “మేస్త్రీకి ఇచ్చెయ్, రెండు రోజుల్లో కొత్తదానిలా చేసిస్తాడు.” ఇవ్వకండి. మేస్త్రీ పనిమంతుడే కావచ్చు. కానీ ఆయన చేయి అలవాటు పడింది టేకు తలుపులకీ మంచాలకీ. అవి లోపలిదాకా ఒకే చెక్క. రేడియో పెట్టె అలా కాదు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్, ఏ కంపెనీదైనా చాలావరకు లోపల ప్లైవుడ్, దాని మీద వాల్‌నట్ లాంటి మంచి చెక్కను పల్చగా తీసి అంటించిన పొర. దాన్నే వినీర్ అంటారు. మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మిషన్ పెట్టి రుద్దితే మూల దగ్గర అర నిమిషంలో ప్లై బయటపడుతుంది. అలా ప్లై తేలిందంటే ఇక ఏ పాలిష్ వేసినా ఆ మచ్చ దాగదు.

కాబట్టి ఎంత తక్కువ గీకితే అంత మంచిది. కింద చెప్పిన వరసలో వెళ్లండి. మధ్యలో ఎక్కడ పెట్టె కంటికి బాగుందనిపిస్తే అక్కడే ఆపేయండి. చాలా రేడియోలకు పాత పాలిష్ పూర్తిగా తీసే అవసరమే రాదు.

కాలం కూడా చూసుకోవాలి. మన హైదరాబాద్‌లో ఈ పనికి మంచి రోజులు దీపావళి దాటాక శివరాత్రి దాకా. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ, పాలిష్ ఆరేలోపే తెల్లబడుతుంది. మే నెలలో అయితే స్పిరిట్ గుడ్డలోనే ఆరిపోయి, చెక్క మీద గీతలు గీతలుగా మిగులుతుంది.

విప్పడం

ముందుగా ఒక మాట: పాడుతుందో లేదో చూద్దామని ప్లగ్గు పెట్టకండి. దశాబ్దాలు మూలన పడి ఉన్న సెట్టులో కెపాసిటర్లు పాడై ఉంటాయి. కరెంటు ఇచ్చిన కాసేపటికే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. కొన్ని సెట్లలో అసలు ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, లోపలి ఇనప పళ్లేనికి, అంటే ఛాసిస్‌కి, నేరుగా 230 వోల్టులు తగిలే వీలుంది. ఎవరైనా ఈమధ్యే ఆన్ చేసి చూసి ఉంటే, ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో ఛార్జి మిగిలి ఉంటుంది. ఒక రోజు అలా వదిలేసి, తర్వాత కూడా లోపల వేళ్లు పెట్టకుండా పని చేయండి.

ఫోన్ తీసి అన్ని వైపుల నుంచీ ఫొటోలు కొట్టండి. ఎన్ని కొట్టినా తర్వాత ఒకటి తక్కువే పడుతుంది. వెనక అట్ట విప్పండి, దాని మీద మోడల్ నంబరు కాగితం ఉంటే తడవకుండా చూసుకోండి. ఆ తర్వాత నాబ్‌లు. కొన్ని లాగితే వస్తాయి. రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి, వినీర్ మీద గాటు పడుతుంది. నాబ్ వెనక బూటు తాడు రెండు చుట్లు చుట్టి, తాడు పట్టుకుని మెల్లగా లాగండి. కొన్నింటికి పక్కన చిన్న రంధ్రంలో స్క్రూ ఉంటుంది. ఆ రంధ్రంలో మైనం నింపి ఉంటే అది మురికి అనుకోకండి. స్క్రూలో కరెంటు ఉంటే వేలికి తగలకుండా కంపెనీవాళ్లు పెట్టినది అది. మళ్లీ బిగించేటప్పుడు కొవ్వొత్తి కరిగించి ఆ రంధ్రం నింపాలి.

పెట్టె అడుగున ఉండే బోల్టులు విప్పితే ఛాసిస్ వెనక్కి జారుతుంది. స్పీకర్ వైర్లు ఎక్కడివక్కడ రాసుకుని విడదీయండి. డయల్ ముల్లును లాగే దారం ఏ చక్రం మీంచి ఎటు తిరిగిందో కాగితం మీద బొమ్మ వేసుకోండి. ఆ దారం జారితే సరిచేయడానికి ఒక పూట పోతుంది. పెట్టె పైకప్పుకు లోపలివైపు, వాల్వుల వేడి తగలకుండా బూడిద రంగు అట్ట లాంటిది అంటించి ఉంటే దాన్ని గీకవద్దు, చింపవద్దు. కొన్ని పాత సెట్లలో అది ఆస్‌బెస్టాస్. అలాగే వదిలేయండి.

ఇప్పుడు డయల్ అద్దం. ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. నా మొదటి రేడియో అద్దం మీద పొగచూరు పేరుకుని ఊళ్ల పేర్లు కనబడటం లేదు. కిటికీ అద్దం తుడిచినట్టే తడి గుడ్డతో రెండు వైపులా గట్టిగా తుడిచాను. ముందు వైపు తళతళలాడింది. వెనక్కి తిప్పి చూస్తే కొలంబో లేదు, 31 మీటర్ల గీత లేదు, గుడ్డ మీద పసుపుపచ్చ మరక మాత్రం ఉంది. అక్షరాలన్నీ అద్దానికి వెనకవైపే అచ్చు వేసి ఉంటాయి. ఆ రంగుకు నీళ్లు తగిలినా పడదు. అద్దం ముందు వైపు మాత్రమే తుడవండి. వెనకవైపు మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, టిష్యూ కాగితంలో చుట్టి పిల్లలకు అందని చోట పెట్టేయండి.

స్పీకర్ గుడ్డ గట్టిగా ఉంటే పీకకండి. దాని మీద కాగితం కప్పి, అంచులకు టేపు వేసి పని చేయవచ్చు. కంపెనీ పేరున్న ఇత్తడి బిళ్ల ఊడొస్తే తీసి దాచండి. పేరు స్టిక్కరులా అచ్చు వేసి ఉంటే దాని జోలికే పోకండి. స్పిరిట్ చుక్క చాలు, మాయమైపోతుంది.

తుడవడం

మన ఇళ్లలో రేడియో ఉండేది హాల్లో, పక్కనే దేవుడి పటాలు. ఏళ్ల తరబడి ఊదుబత్తి పొగ, సాంబ్రాణి, వంటింటి నూనె ఆవిరి అన్నీ కలిసి పాలిష్ మీద జిడ్డుగా పేరుకుని ఉంటాయి. పాలిష్ నల్లబడిందని మనం అనుకునేది సగం ఈ జిడ్డే. పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. టర్పెంటైన్‌లో తడిపి పిండిన నూలు గుడ్డతో ఒక్కో జానెడు చోటూ తుడవండి. గుడ్డ నల్లబడగానే మడత మార్చండి. ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, గుడ్డను బాగా పిండి, ఒకసారి తుడిచి వెంటనే పొడి గుడ్డ వేయండి. నీళ్లు నిలిచాయంటే వినీర్ కింది జిగురు వదులుతుంది.

దసరాకు ఆయుధపూజలో పెట్టిన బొట్లు మా పెద్దనాన్న రేడియో నుదుటన అలాగే ఉండిపోయాయి. పసుపు మరకను రుద్ది పోగొట్టాలని చూడకండి, ఎండకు అదే వెలిసిపోతుంది. పొద్దుటి ఎండలో రోజుకు అరగంట చొప్పున నాలుగైదు రోజులు పెట్టండి. అంతకంటే ఎక్కువసేపు పెడితే వినీర్ ఉబ్బుతుంది. కుంకుమ రంగు మాత్రం పాలిష్‌లోకి దిగి ఉంటే పోదు. నేనైతే దాన్ని ఉంచేశాను.

పూలకుండీ పెట్టిన గుండ్రటి మచ్చ తెల్లగా ఉంటే తేమ పాలిష్‌లోనే ఆగింది, కొంచెం స్పిరిట్ గుడ్డతో పోతుంది. నల్లగా ఉంటే నీళ్లు చెక్కదాకా దిగాయి. అది పాలిష్ తీసినా అక్కడే ఉంటుంది.

చెక్కలో గుండుసూది బెజ్జాలు ఉండి, తడితే మైదాలాంటి పొడి రాలుతోందంటే పుచ్చు ఇంకా బతికే ఉంది. ఇంజెక్షన్ సిరంజితో ఆ బెజ్జాల్లోకి పుచ్చుమందు పోసి, పెట్టెను పాలిథీన్ సంచిలో గట్టిగా కట్టి రెండు వారాలు బాల్కనీలో ఉంచండి. ఇంట్లో మిగతా చెక్క సామానుకు దూరంగా.

పాత పాలిష్ ఏదో కనుక్కోవడం

పెట్టె అడుగున, ఎవరికీ కనబడని చోట, దూదితో ఒక చుక్క డీనేచర్డ్ స్పిరిట్ పెట్టి అర నిమిషం ఆగండి. జిగటగా అయితే అది లక్క పాలిష్. కాకపోతే పక్కన ఒక చుక్క ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ పెట్టండి. దానికి కరిగితే లాకర్, అంటే కంపెనీల్లో గన్‌తో కొట్టినది. చాలా రేడియోలకు ఉండేది ఇదే. రెండింటికీ కరగలేదంటే తర్వాత ఎవరో వార్నిష్ పూశారన్న మాట.

ఈ పరీక్ష వల్ల పెద్ద లాభం ఒకటుంది. పాలిష్ ఎండిన చెరువు అడుగులా పగుళ్లు తేలి ఉన్నా, అది కరిగే రకమైతే తీసేయక్కర్లేదు. దాన్నే కరిగించి మళ్లీ పరచవచ్చు. లక్కకు స్పిరిట్, లాకర్‌కు థిన్నర్, మెత్తటి బ్రష్షుతో పల్చగా ఒక్కసారి పూసి వదిలేయండి. పగుళ్లు మెత్తబడి ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఒక రోజు ఆరాక అవసరమైతే ఇంకోసారి. అదే చోట బ్రష్షు రెండుసార్లు తిప్పితే రంగు కూడా లేచి వచ్చేస్తుంది, ఇంకోసారి తిప్పుదామని ఆశ పడకండి. ఇలా చేశాక చూడ్డానికి బాగుంటే నేరుగా చివరి పాలిష్‌కు వెళ్లిపోండి.

లేచిన వినీర్

వేలి గోటితో పెట్టె అంతా తట్టుకుంటూ వెళ్లండి. బాగా అతుక్కున్న చోట గట్టి శబ్దం వస్తుంది, లేచిన చోట అప్పడం మీద తట్టినట్టు వినిపిస్తుంది. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

పాత పెట్టెల్లో జిగురు సాధారణంగా సరస్, అంటే పశువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు. అది వేడికి మళ్లీ మెత్తబడుతుంది. ఉబ్బు చిన్నదైతే పైన తడి గుడ్డ మడిచి వేసి, ఇస్త్రీపెట్టెను మధ్యరకం వేడిలో పది సెకన్లు ఆనించి, వెంటనే బరువు పెట్టండి. ఆవిరికి పైన పాలిష్ తెల్లబడవచ్చు, కంగారు పడకండి. దాన్ని తర్వాత సరిచేసుకోవచ్చు.

దానికి లొంగకపోతే కొత్త బ్లేడుతో ఉబ్బు మీద చెక్క చార వెంబడి సన్నగా ఒక్క గాటు పెట్టండి. చారకు అడ్డంగా కోస్తే ఆ గీత జన్మలో దాగదు. ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి సిరంజితో లోపలికి ఎక్కించి, వేలితో అటూ ఇటూ నొక్కి పరచండి. పైకి పొంగింది తడి గుడ్డతో తుడిచేయండి. మీద పాలిథీన్ కాగితం, దాని మీద చదునైన చెక్క ముక్క, దాని మీద సన్నికల్లు. రాత్రంతా ఉంచండి. పాలిథీన్ మరిస్తే చెక్క ముక్క కూడా రేడియోలో భాగమైపోతుంది.

గుండ్రటి మూలల దగ్గర సన్నికల్లు నిలవదు. అక్కడ క్లాంపులు కూడా జారతాయి. సైకిల్ పంక్చర్ షాపులో పాత ట్యూబు ఒకటి అడగండి, ఊరికే ఇచ్చేస్తారు. రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, లాగి పట్టి పెట్టె చుట్టూ కట్టు కట్టినట్టు చుట్టండి. ఏ క్లాంపూ ఇంత సమంగా నొక్కదు.

ముక్క ఊడిపోయి ఉంటే వినీర్ అమ్మే ప్లైవుడ్ షాపులో శాంపిల్ ముక్క అడిగి తెచ్చుకోండి. రంగు కాదు, చార కలవాలి. రంగు మనం కలపగలం. ఊడిన చోటును చదరంగా కాకుండా ఏటవాలుగా, కాజూ కత్లీ ఆకారంలో కోసి, అదే కొలతకు కొత్త ముక్క కోసి అంటించండి. నిటారు అడ్డగీతను కన్ను వెంటనే పట్టేస్తుంది, ఏటవాలు గీత చారలో కలిసిపోతుంది.

తీసేయక తప్పకపోతే

వార్నిష్ పూసి పాడు చేసినవి, పాలిష్ సగం రాలిపోయినవి పూర్తిగా తీయాల్సిందే. బాల్కనీలోనో మేడ మీదో కూర్చోండి. చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి. దగ్గర్లో పొయ్యి, సిగరెట్, దీపం ఏదీ ఉండకూడదు. లాకర్‌కు థిన్నర్‌లో ముంచిన గుడ్డ చాలు, వార్నిష్‌కు పెయింట్ రిమూవర్ కావాలి. జానెడు చోట పూసి, మెత్తబడ్డాక పాత ఏటీఎం కార్డు అంచుతో చార వెంబడి తోయండి. లోహపు గీకుడు కత్తి వద్దు. కాస్టిక్ సోడా నీళ్లు అసలే వద్దు, జిగురు వదలడమే కాక చెక్క నల్లబడుతుంది.

తీశాక ఒక్కోసారి గుండె గుభేల్‌మంటుంది. ముందు భాగం అందమైన వాల్‌నట్, అంచులూ కింది పట్టీ మాత్రం ఏదో పాలిపోయిన చెక్క. మీరేమీ పాడు చేయలేదు. కంపెనీలోనే మామూలు చెక్క పట్టీలు వాడి, ముదురు రంగు లాకర్ కొట్టి వాల్‌నట్‌లా కనిపించేట్టు చేశారు. మీ మొదటి ఫొటోలు ఇప్పుడు పనికొస్తాయి: ఎక్కడ ముదురు, ఎక్కడ లేత అని చూసి, ఆ పట్టీలకు వుడ్ స్టెయిన్ పల్చగా రెండు మూడుసార్లు వేయండి. స్టెయిన్ తడిగా ఉన్నప్పుడు ఉన్న రంగే పాలిష్ వేశాక వచ్చే రంగని గుర్తుపెట్టుకోండి.

ఎమెరీ పేపర్ 220 నంబరుతో మొదలుపెట్టి 320తో ముగించండి, అదీ స్టెయిన్‌కు ముందే, చేత్తోనే, చార వెంబడే. నాలుగైదు లాగుళ్లు చాలు. మూలల మీద అసలు లాగకండి. వాల్‌నట్ రంధ్రాలున్న చెక్క కాబట్టి అద్దం లాంటి నునుపు కావాలంటే గ్రెయిన్ ఫిల్లర్‌ను చారకు అడ్డంగా రుద్ది నింపి, గోనె గుడ్డతో తుడిచేయాలి. నాకు ఆ రంధ్రాలు కనబడితేనే ఇష్టం, నేను నింపను.

లక్క పాలిష్

ఇక్కడికి వచ్చేసరికి తెలిసిన మేస్త్రీ ఎవరో ఒకరు తొంగి చూసి “మెలమైన్ కొట్టిద్దాం సార్, పీయూ అయితే ఇంకా బాగుంటది” అంటారు. రెండూ గట్టి ప్లాస్టిక్ పొరలా ఆరే పాలిష్‌లే. బాగుంటది, డైనింగ్ టేబుల్‌కి. రేడియోకు వేస్తే ప్లాస్టిక్ కవరు తొడిగినట్టుంటుంది. పైగా రేపు గీత పడితే దాన్ని కరిగించి సరిచేసే దారి లేదు. అసలు పాలిష్ లాగే ఉండాలంటే క్లియర్ ఎన్‌సీ లాకర్ స్ప్రే డబ్బా వాడవచ్చు: గాలి ఆడే చోట, మూతికి మాస్కు కట్టుకుని, జానెడున్నర దూరం నుంచి, పల్చగా చాలా పూతలు. ఇంట్లో చేత్తో చేసుకునేవారికి మాత్రం లక్కే మంచిది. తప్పు పోతే స్పిరిట్‌తో తుడిచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. లాడ్ బజార్ గాజుల్లో ఉన్నదీ లక్కే, మీ తాతగారు గ్రామఫోన్‌లో వేసుకున్న 78 ఆర్‌పీఎం రికార్డుల్లో ఉన్నదీ లక్కే.

బేగంబజార్ వైపు రంగుల దుకాణాల్లో చపడా అని అడిగితే తేనె రంగు లక్క రేకులు ఇస్తారు. అర లీటరు స్పిరిట్‌కు 100 గ్రాములు, గాజు సీసాలో. ఇనప డబ్బాలో వేస్తే నల్లబడుతుంది. రాత్రి నానబెట్టి, మధ్యమధ్య ఊపండి. మర్నాటికి అడుగున మడ్డిలా దిగేది మైనం. దాన్ని కదపకుండా పైది పాత నూలు పంచె గుడ్డలో వడగట్టండి. కలిపిన తేదీ సీసా మీద రాయండి. ఏడాది దాటిన లక్క ఎంతకీ గట్టిపడదు, వేలిముద్రలు పడుతూనే ఉంటుంది. అనుమానం ఉంటే గాజు ముక్క మీద చుక్క వేసి చూడండి.

నిమ్మకాయంత దూదిని అదే పంచె గుడ్డలో మూట కట్టండి. కింద ముడత ఉండకూడదు. దూదికి లక్క పట్టించి, అరచేతి మీద అద్ది చూడండి: తడి తెలియాలి, చుక్క కారకూడదు. దోసెకు ముందు పెనం మీద నూనె గుడ్డ తిప్పినట్టు ఆగకుండా తిప్పుతూ పోవాలి. చెక్క మీద మూట ఆగిందంటే కింది పొరను కరిగించి పట్టుకుంటుంది. మూట జిగురుగా లాగుతుంటే కింద ఒక్క చుక్క అవిసె నూనె రాయండి. ఆ నూనె గుడ్డలను పని అయ్యాక ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, విడదీసి ఆరవేసి పారేయండి.

ఒక పూటకు నాలుగైదు చేతులు, తర్వాత రాత్రంతా విశ్రాంతి. మర్నాడు 400 నంబరు కాగితంతో ఊరికే తాకించినట్టు రుద్ది మళ్లీ నాలుగైదు. మూడో రోజుకు చెక్క లోపల్నుంచి వెలుతురు వచ్చినట్టు కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజున వేసి పొర తెల్లగా మారితే ఏం ఫర్వాలేదు. ఎండ కాసిన రోజు ఆగి, దాదాపు ఉత్త స్పిరిట్‌తో తడిపిన మూటతో ఒక్క చేయి తిప్పితే దిగిపోతుంది. చివర రెండు వారాలు ఆరనిచ్చి, మైనపు పాలిష్ పల్చగా రాసి, మెత్తటి గుడ్డతో తుడవండి.

మళ్లీ బిగించడం

నాబ్‌లు సబ్బు నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగితే చాలు, నానబెట్టవద్దు. ఛాసిస్ కింద రబ్బరు బిళ్లలు రాయిలా గట్టిపడి ఉంటే కొత్తవి వేయండి, లేకపోతే స్పీకర్ అదురు పెట్టె మీదుగా ఛాసిస్‌కు పాకుతుంది. రేడియో మెకానిక్‌తో కెపాసిటర్లు మార్పించడం పెట్టె ఆరుతున్న ఈ రెండు వారాల్లోనే పెట్టుకోండి. ఛాసిస్ ఎలాగూ బయటే ఉంది.

అన్నీ బిగించి, మైనం నింపి, వెనక అట్ట మూశాకే ప్లగ్గు పెట్టండి. వాల్వులు వేడెక్కడానికి కాసేపు పడుతుంది. మీడియం వేవ్‌లో ముల్లును 738 కిలోహెర్ట్జ్ దగ్గరికి తిప్పండి, పాత డయల్ మీటర్లలో ఉంటే 406 దగ్గర. ఆకాశవాణి హైదరాబాద్ ఆ గీత మీద పలికితే అద్దం తన చోట కూర్చున్నట్టు. ముల్లు గీతకు పక్కన ఉండగా పలుకుతోందంటే అద్దాన్ని కదిలించకండి. ప్లగ్గు తీసి, దారం మీద ముల్లును పట్టి ఉంచే చిన్న రేకు క్లిప్పును ఆ కాస్త దూరం జరపండి.